రెండో ప్రశ్న

మూడుసార్లు జనాభా లెక్కలు రాసినదాన్ని నేను. ఒంగోల్లో నేను తట్టని తలుపు లేదంటే అతిశయోక్తి గానీ, నన్ను చూసి మొరగని కుక్క లేదంటే మాత్రం నిజమే. అందుకే ‘మరో ఊరు’ కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, “ఝాన్సీరాణి టీచర్ గారేనా? మా ఊళ్ళో జనాభా లెక్క రాసిపెడతారా?” అని అడిగినప్పుడు, లెక్కల టీచరుగా రిటైరై రెండేళ్ళైనా లోకం నన్ను మర్చిపోలేదని పొంగిపోయాను. ఆ పొంగు ఎంత పని చేసిందో చెబుతాను.

కళ్ళకు అద్దాలు తగిలించుకుంటే కనిపించే ఊరది. అలాంటివి ఆ ఏడు తెలుగులోనే ఏడో ఎనిమిదో వెలిశాయి. ఇల్లు తీసుకోవచ్చు, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, తిరునాళ్ళకు పోవచ్చు. ప్రతి కంపెనీ గొప్పా జనాభా గురించే. బస్టాండు ముందు బోర్డు మీద మరో ఊరు వాళ్ళు ‘అరవై రెండు లక్షలు’ అని వేస్తే, వారం తిరిగేసరికి ఎదుటి బోర్డు మీద ఇంకొకరు ‘డెబ్బై లక్షలు’ అని వేసేవారు. వాళ్ళనీ తప్పు పట్టలేం. మనవాళ్ళు జనం ఉన్న హోటల్లోకే వెళ్తారు. ఖాళీగా ఉంటే ఇడ్లీ పాచిదేమోనని పక్క హోటలుకు పోతారు.

ఈ లక్షలన్నీ ఎవరు లెక్కపెట్టారని ప్రభుత్వం నిలదీసింది. మిషన్లు చెప్పే లెక్క ఒప్పుకోం, మనుషులే ఇల్లిల్లూ తిరిగి రాయాలి అంది. మిషను ఆడించే బొమ్మలు పోగా పదిమందిలో ఒక్కరైనా నిజం మనిషి మిగలని వీధిని మూసెయ్యాలని నిబంధన పెట్టింది. అలా మూడు వందల మంది రిటైరైన టీచర్లం అద్దాలు పెట్టుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చునే వీధులు తిరగడం మొదలుపెట్టాం.

ఏ వీధి కావాలని అడిగితే బరి వీధి ఇమ్మన్నాను. ఆ వీధిలో మా ఆయన ఉన్నాడని చెప్పలేదు. అది నా మొదటి తప్పు.

మా ఆయన పేరు ఏడుకొండలు. మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేసేవాడు గానీ, జిల్లాలో ఎవరూ ఆయన్ని గుమాస్తాగా ఎరగరు. ఎడ్ల బండలాగుడు పందేలకు మైకు పట్టేది ఆయనే. జత బరిలోకి దిగిందంటే ఎడ్ల పేర్లు, యజమాని పేరు, వయసును బట్టి ఎన్ని పళ్ళ విభాగం, ఎన్ని అడుగులు లాగింది, ఇంకెన్ని నిమిషాలుంది, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. ఆ గొంతు విని నేను పెళ్ళికి ఒప్పుకున్నానని మా అక్కచెల్లెళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఎగతాళి కాదు, నిజమే.

మూడేళ్ళ కిందట గొంతులో పుండు వచ్చింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. మాట లేదు. నన్ను పిలవాలంటే ఉంగరంతో గ్లాసు మీద కొడతాడు. చెప్పాలంటే మార్కాపురం పలక మీద బలపంతో రాస్తాడు. ఫోన్‌లో రాయొచ్చు కదా అంటే, చెరిపేస్తే చెరిగిపోయేదే మాటంటాడు.

మరో ఊళ్ళో ఆయనకు గొంతు తిరిగొచ్చింది. పాత పందేల రికార్డింగులన్నీ ఇస్తే ఆ గొంతునే తయారు చేశారు. పెదాలు కదిపితే చాలు, అద్దాలు చదువుకుని పలుకుతాయి. మొదటిరోజు అక్కడి బరి దగ్గర, “రండి బాబూ రండి, బండ కదిలింది” అని ఆయన మైకులో అనగానే అద్దాల లోపల నాకు కళ్ళు కనిపించలేదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఐదింటికి నేను ముందు గదిలో అద్దాలు పెట్టుకుంటాను, ఆయన వెనక గదిలో పెట్టుకుంటాడు. గంటసేపు వింటాను. నా రోజంతటిలో నాకని ఉన్న గంట అదొక్కటే.

ఇక బదులు సంగతి చెప్పాలి.

లెక్క మొదలుపెట్టిన రెండో రోజు వీధిలో ఒకావిడతో మాట్లాడుతుంటే మా ఇంట్లో పాల వాసన కొట్టింది. అద్దాలు విసిరేసి పరిగెత్తాను. పొయ్యంతా పాలు. తుడిచి, గిన్నె తోమి వచ్చేసరికి పావుగంట. తిరిగి అద్దాలు పెట్టుకుంటే నా బొమ్మ అక్కడే నిలబడి, వేలు పైకెత్తి ఆవిడకు క్లాసు పీకుతోంది. “స్టెప్పులు రాయకుండా జవాబు రాస్తే సున్నా వేస్తాను, మొహమాటం లేదు” అంటోంది నా గొంతుతోనే. నేను వెళ్ళిన సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత నవ్వాగిపోయింది.

అదే బదులు. మనిషి నడకా మాటా నలభై రోజులు చూసి నేర్చుకుంటుంది. మనం లేచిపోతే మన చోట నిలబడుతుంది, ఊరు బోసిపోకుండా. మంచికే కనిపెట్టారు. కానీ మనిషి ఇక ఎప్పటికీ రాకపోయినా అది అలాగే ఉండిపోతుంది. ఫోను ఆపితే ఇన్నాళ్ళూ ఊళ్ళో కూడబెట్టుకున్న హాజరు పోతుందని ఎవరూ ఆపరు. పాత సైకిలునే పారెయ్యలేని వాళ్ళం, ఇదెక్కడ పారేస్తాం. బదులు ఎవరి ఫోన్లో వాళ్ళకే ఉంటుంది కనుక, ఫోను వెలుగుతోందా లేదా అన్నదొక్కటే కంపెనీ మిషనుకు తెలుస్తుంది. అందుకే మా అవసరం వచ్చింది.

బరి వీధిలో నాలుగు వందల పన్నెండు ఇళ్ళు, పదహారు వందల నలభై మంది. నాలుగు రోజుల్లో అయిపోయింది. నా జీవితంలో అంత హాయిగా లెక్క రాసింది లేదు. తలుపు కొట్టగానే తీశారు, బాగున్నారా అన్నారు, అడిగినదానికి జవాబు చెప్పారు. తాళం వేసిన ఇళ్ళకు మామూలుగా చేసే పనే చేశాను. పక్కింటివాళ్ళను అడిగాను. “ఉంటారమ్మా, ఇప్పుడే అట్టా బయటికి పోయారు” అన్నారు. రాసుకున్నాను. నిజం మనిషో కాదో తేల్చే ప్రశ్నలు పెద్ద కాగితం నిండా ఇచ్చారు గానీ, మూడు జనాభా లెక్కలు చేతికి నేర్పిన అలవాటు ఇది. పక్కింటివాళ్ళు చెబితే అది నిజమే.

పదిహేను వందల తొంభై మంది నిజం మనుషులని సంతకం పెట్టి పంపాను. మిగతావాళ్ళూ సుమారుగా ఇలాగే పంపారట. వారంలో బోర్డులు మారాయి. ‘ప్రభుత్వం లెక్కపెట్టిన జనాభా’ అని కొత్త అక్షరాలు. ఆ బోర్డు చూసి నాలుగు నెలల్లో లక్షలమంది చేరారని కంపెనీ మేనేజరు నస్రీన్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. గుంటూరు పిల్ల, మాట మెత్తన. “మీ వీధి లెక్కే అందరికీ నమూనాగా చూపించాం మేడమ్” అంది. మళ్ళీ పొంగాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆశా కార్యకర్త జ్వరాల సర్వేకి మా ఇంటికొచ్చింది. “ఇంట్లో ఎవరికన్నా జ్వరముందా అమ్మా” అని ఒక్క ముక్క అడిగింది. లేదన్నాను. అనేసి, నీది ఏ ఊరు, కొత్తగా వేశారా, ఆ చివరింటి పిల్లాడికి డెంగీ అంట నిజమేనా, బ్లీచింగు ఎప్పుడు చల్లుతారు, ఈ ఎండలో గొడుగు కూడా తెచ్చుకోలేదేం అని వరసపెట్టి అడిగాను. “అమ్మా, సర్వే నేను చెయ్యాల్నా మీరా?” అని నవ్వి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

తలుపు వేశాక అక్కడే నిలబడిపోయాను. మూడు జనాభా లెక్కల్లో ఏ ఒక్క గుమ్మం ముందైనా నన్ను ఊరికే పోనిచ్చారా? రేషను కార్డు తీసేస్తారా అనేవాళ్ళు. మా వాడికి ఉద్యోగం వస్తుందా అనేవాళ్ళు. నువ్వు ఫలానావాళ్ళ కోడలివి కాదూ అని కూపీ లాగేవాళ్ళు. బరి వీధిలో నాలుగు వందల పన్నెండు గుమ్మాల్లో నన్ను ఎవరేమడిగారు? బాగున్నారా అన్నారు. అంతే. బాగున్నారా అన్నది ప్రశ్న కాదు, అలవాటు. ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు.

ఇక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, అన్నం తింటే సయించలేదు. తాళం వేసిన ఇళ్ళ గురించి ఎవరిని అడిగాను నేను? ఒక బదులును అడిగి ఇంకో బదులును రాసుకున్నాను. లెక్కల టీచరునే, స్టెప్పులు రాయకుండా జవాబు రాశాను. ఆయన పలక మీద ‘ఏంది అట్టా తిరుగుతున్నావు?’ అని రాసి చూపించాడు. నడుము పట్టిందన్నాను. అప్పుడు కూడా నా దిగులంతా ఆ వీధి మూస్తే ఆయన గొంతు ఏమవుతుందోననే.

మర్నాటి నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. ఈసారి ఏమీ అడగలేదు. తలుపు తీశాక, “నిన్న బాత్‌రూములో జారిపడ్డానండీ, మణికట్టు విరిగింది” అని అబద్ధం చెప్పి ఊరుకునేదాన్ని. “అయ్యో, జాగ్రత్తండీ” అనేవాళ్ళు. నేను నిలబడితే వాళ్ళూ నవ్వుతూ నిలబడేవాళ్ళు. ఎన్ని నిమిషాలైనా సరే. ఏ చెయ్యి అని అడిగినవాడు లేడు. మొదటిరోజు వంద ఇళ్ళు తిరిగితే ఇద్దరు తేలారు.

మూడోరోజు ఒక గుమ్మంలో నాగమణి అనే ఆవిడ తగిలింది. నాయుడుపేట దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటుందట. నేను జారిపడ్డానన్నానో లేదో, “యాడ పడ్డావక్కా? కట్టు గట్టిచ్చుకున్నావా? ఇంట్లో వండేదెవురు?” అని మూడు అడిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“ఎన్నాళ్ళైంది అమ్మా నువ్వు ఇక్కడికొచ్చి?” అన్నాను.

“నాలుగు నెల్లు. సర్కారు లెక్క బోర్డు చూసి చేరినా. రోజూ అరుగు మీద కూర్చుని నా మోకాళ్ళ నొప్పి చెప్పుకుంటా. అందురూ అయ్యో పాపం అంటారు. మర్నాడు తగ్గిందా అని ఒక్కురూ అడగరక్కా. నా నోరే మంచిది గాదేమో, నాతో ఎవురికీ పడదేమో అనుకుంటా ఉండా.”

నీ నోరు మంచిదే తల్లీ అన్నాను. ఆ బోర్డు మీద లెక్క నాదేనని మాత్రం చెప్పలేకపోయాను. సిగ్గేసింది. అంతమంది మధ్య కూర్చుని ఒక మనిషి తనలోనే లోపముందని అనుకుంటూ ఉందంటే, దాని కింద సంతకం నాది.

ఐదోరోజుకి వీధంతా అయింది. పదకొండు మంది. పదిమందికొక్కరు చొప్పున నూట అరవై నాలుగు మంది ఉంటే గానీ వీధి నిలవదు. బరి దగ్గర మైకు ఒక్కటి మిగిలింది. అక్కడికి చివర వెళ్దామని పెట్టుకున్నాను. ఆయన్ని కలిపితే పన్నెండు అని మనసులో అప్పటికే రాసేసుకున్నాను.

సాయంత్రం ఐదున్నర. బరి చుట్టూ వేలమంది. ఆయన మైకు పట్టుకుని, “ఆరుపళ్ళ విభాగం బాబూ, వెయ్యి అడుగులు దాటింది” అంటున్నాడు. నేను జనంలోంచి మైకు దగ్గరికి వెళ్ళాను. రోజూ దూరం నుంచి వినడమే గానీ దగ్గరికి వెళ్ళి ఎన్నాళ్ళైందో.

“ఏం ఝాన్సీ, బాగున్నావా?” అన్నాడు.

ఆ గొంతుతో నా పేరు. అప్పుడే వెనక్కి తిరిగి పోయుంటే బాగుండేది. కానీ లెక్క లెక్కే. “ఏవండీ, పొద్దున బాత్‌రూములో జారిపడ్డాను. మణికట్టు విరిగింది” అన్నాను.

“అయ్యో, జాగ్రత్త” అన్నాడు. అని మైకు వైపు తిరిగి, “ఇంకా మూడు నిమిషాలుంది, లాగండి బాబూ లాగండి” అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. వేలికి కత్తిపీట గీసుకుంటే ఏ వేలు, ఎట్లా గీసుకుంది, పసుపు పెట్టావా అని ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా పలక మీద రాసి రాసి విసిగించిన మనిషి. నేను అక్కడే నిలబడ్డాను. మళ్ళీ నా వైపు చూడలేదు.

అద్దాలు తీసి వెనక గదిలోకి వెళ్ళాను. మంచం ఖాళీ. ఫోను చార్జింగులో వెలుగుతోంది. అద్దాలు కిటికీ కొక్కేనికి వేలాడుతున్నాయి. పలక లేదు, చెప్పులు లేవు, పెరటి గోడకానించిన సైకిలు లేదు. ఈ మధ్య ఆయన చెప్పులకు నల్లరేగడి మట్టి ఉంటోందని రోజూ చూస్తూనే ఉన్నాను. వాకిలి ఊడుస్తూ తిట్టుకున్నాను గానీ, అడగలేదు. నేనూ రెండో ప్రశ్న అడగలేదు.

పక్కింటి శేషమ్మను కేకేశాను. “మీ ఆయనా? ఎండాకాలం కాడ్నించీ రోజూ నాలుగున్నరకి సైకిలేసుకుని కొప్పోలు దోవన పోతన్నాడుగా. నీకు జెప్పలా?” అంది. ఈసారికి పక్కింటివాళ్ళ మాట నమ్మాల్సిందే.

ఆటోలో ఉండగా నస్రీన్ ఫోన్ చేసింది. మళ్ళీ తిరుగుతున్నానని వాళ్ళకు తెలిసిపోయింది. “మేడమ్, మొదటి లెక్క మీ సంతకంతోనే ఉంది. మూడు వందల మందిలో మీరొక్కరే మారిస్తే అందర్నీ మళ్ళీ తిరగమంటారు. అన్ని వీధులూ ఇలాగే తేలితే ఊరు ఉండదు. ఆ లెక్క అలాగే ఉంచండి” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “వీధి మూస్తే అందులో బదుళ్ళన్నీ ఫోన్లలోంచి కూడా చెరిపేస్తారు. గొంతులతో సహా. బరి వీధిలో మైకు పట్టే ఆయన మీవారని నాకు నిన్ననే తెలిసింది మేడమ్. బెదిరించడం కాదు, మీకు తెలియాలని చెప్తున్నా.”

ఆ పిల్ల చెడ్డది కాదు. నాకేం కావాలో నాకంటే బాగా చెప్పింది. ఫోన్లో ఫారం తెరిచి ఉంది. ‘నిజం నివాసులు’ అన్న గడి ఖాళీగా ఉంది. పాత అంకె వేస్తే రేపు ఐదింటికి ఆ గొంతు ఉంటుంది. నా పేరు పెట్టి బాగున్నావా అంటుంది. నాకది చాలు అనిపించింది. ఆటో దిగేదాకా నిజంగా అలాగే అనిపించింది.

కొప్పోలు దారిలో చేలగట్టు పక్కన చదును చేసిన నేల. పందేలకు ఎడ్లను సాధకం చేయించే చోటు. పాతికమంది ఉంటారేమో, అందరూ అందరి మీదా అరుస్తున్నారు. “ఏందయ్యా ఆ బండ, నిన్నటిదేనా? కొలిచిందెవరు? ఆ ఎడమదానికి కాలు పట్టిందా ఏంది?” చెవులు గింగురుమంటున్నాయి. బరి చివర ఎర్రజెండా పట్టుకుని, మెడకు తుండుగుడ్డ చుట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. బండ గీత దాటగానే జెండా దించుతున్నాడు. ఎవడో దాటలేదని పోట్లాటకు దిగితే, నేల మీద గీత చూపించి చేత్తోనే వాడి నోరు మూయించాడు. మొహం చెమటతో మెరుస్తోంది.

నన్ను చూసి జెండా పక్కవాడికిచ్చి వచ్చాడు. దొరికిపోయిన పిల్లాడి మొహం. చంకలోంచి పలక తీసి రాశాడు.

‘ఓడిన జత గెలిచిందని చెప్పా అక్కడ. ఒక్కడూ తిట్టలా.’

అర్థమైంది. ఒంగోలు తాలూకాలో ఆ మాట అంటే మైకు విరగ్గొట్టి పంపేవాళ్ళు. అక్కడ చప్పట్లు కొట్టారు. ఆరోజే ఈయన లేచి వచ్చేశాడు. మోచేత్తో తుడిచి మళ్ళీ రాశాడు.

‘నువ్వు రోజూ వచ్చి వినేదానివి. ఫోను ఆపబుద్ధి కాలా.’

అంటే ఆ వేలమందిలో విన్నది నేనొక్కదాన్నే. మైకులో మాట్లాడినవాడు కూడా లేడు. ఐదు నెలలు.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎడ్ల వాసన, దుమ్ము, ఈ మనిషి మెడలో ఊపిరి గురగుర. చేలవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నా ముందుకొచ్చి పలక పట్టాడు.

‘అన్నం తిన్నావా?’

అది మొదటి ప్రశ్న. అది అందరూ అడిగేదే. నేను జవాబు చెప్పలేదు. పరీక్ష హాల్లో పిల్లవాడి కాగితం మీద వంగి, వీడు తర్వాతి స్టెప్పు రాస్తాడా రాయడా అని ఊపిరి బిగబట్టిన రోజులున్నాయి నాకు. అలా నిలబడ్డాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. పలక తుడిచాడు. బలపం విరిగింది, మిగిలిన ముక్కతో రాశాడు.

‘ఏడ్చావా?’

“లేదండీ, దుమ్ము” అన్నాను. అంటూనే ఏడ్చాను. “ఆ వీధి మూసేస్తారండీ. మీ గొంతు చెరిపేస్తారు.”

తలూపాడు. పలక మీద చోటు చాలక అక్షరాలు ఇరికించి రాశాడు. ‘నాకెప్పుడో పోయింది. నువ్వు ఉండగలవా?’

మూడో ప్రశ్న. ఉండగలనో లేదో నాకు తెలియదు, అదే చెప్పాను. సాయంత్రం ఐదింటికి ఏం చెయ్యాలో కూడా తెలియదన్నాను. మొహమాటం లేకుండా చెప్పాను.

తర్వాత ఫోను తీసి గడిలో పదకొండు అని వేశాను. కింద, మొదటి లెక్క తప్పు, పక్కింటివాళ్ళను అడిగి రాశాను, ఆ తప్పు నాది అని రాసి సంతకం పెట్టి పంపించాను. ఫారంలోంచి నాగమణి ఫోను నంబరు విడిగా రాసుకున్నాను, మోకాలు తగ్గిందా అని రేపు అడగాలి.

బరి దగ్గర ఎవడో, “మామా, జెండా” అని కేకేశాడు. ఆయన పలక నా చేతిలో పెట్టి పరిగెత్తబోయి, ఆగి, వెనక్కొచ్చి, నా కుడిచేతి మణికట్టు చూపించి ఏమైందన్నట్టు కనుబొమలెగరేశాడు. ఐదు రోజులుగా అబద్ధం చెప్పీ చెప్పీ ఆ చేతిని నేను గుండెకానించి పట్టుకునే ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

ఏమీ కాలేదండీ, బాగానే ఉంది, మీరు వెళ్ళండి అన్నాను. నమ్మలేదు. ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి గానీ వెళ్ళలేదు.